గీతకి అవతలి మనిషి

మా తమ్ముడు లెస్టర్ వార్గో టొలీడో జట్టుకి పదకొండేళ్ళు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఎవరైనా సరే కళ్ళు చిట్లించి, "వార్గో... వార్గో... ఎక్కడ ఆడేవాడు?" అంటారు. "ఎడమ గార్డు" అంటాను. "ఓహో" అంటారు. ఆ ఓహో తర్వాత ఇంకేమీ ఉండదు. నేరుగా కర్టిస్ బ్లెయిన్ దగ్గరికి వెళ్ళిపోతారు. బ్లెయిన్ మా జట్టు క్వార్టర్‌బ్యాక్, బంతి విసిరేవాడు. అతను ఏ ఆటలో ఎంత దూరం విసిరాడో, ఎవరిని పెళ్ళి చేసుకున్నాడో, ఎవరిని వదిలేశాడో ఊరందరికీ కంఠతా వచ్చు. ఆ బంతి చేతిలోంచి వెళ్ళేదాకా బ్లెయిన్ ఒంటి మీద దెబ్బ పడకుండా ముందు నిలబడ్డవాళ్ళలో మావాడొకడని ఎవరికీ గుర్తుండదు. వాళ్ళని తప్పు పట్టను. నేను అక్కని కాకపోతే నాకూ గుర్తుండేది కాదు.

గార్డు పని చెప్పడం తేలిక. రెండు జట్ల లావాటి మనుషులూ ఒక గీతకి అటూ ఇటూ వంగి, చెయ్యి నేలకానించి, మొహాల్లో మొహాలు పెట్టుకుని నిలబడతారు. ఆ వరసనే లైన్ అంటారు. బంతి కదిలీ కదలగానే అవతలివాడు మన క్వార్టర్‌బ్యాక్ మీద పడాలని చూస్తాడు. ఇవతలివాడు పడనివ్వకూడదు. అంతే. బంతి వీళ్ళ వీపు వెనక ఎక్కడో ఉంటుంది. "స్టేడియం అరిస్తే మనకి మంచి జరిగిందనుకుంటానక్కా. ఊరుకుంటే ఏదో చెడిందనుకుంటాను" అనేవాడు లెస్. పని సరిగ్గా చేసినన్నాళ్ళూ పేరెవరూ ఎత్తరు. పొరపాటు చేస్తే మాత్రం రిఫరీ వీడి చొక్కా మీది నంబరు ఊరందరికీ వినిపించేలా చెబుతాడు.

మాది నదికి తూర్పున హంగరీ వాళ్ళ పేట. నాన్న గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని చేసేవాడు. లెస్ పుట్టడమే పెద్ద బిడ్డగా పుట్టాడు. పన్నెండేళ్ళకే గుమ్మంలోంచి కాస్త పక్కకి తిరిగి రావలసి వచ్చేది. ఒళ్ళు ఎంత పెద్దదో నోరు అంత చిన్నది. ఇంటికి చుట్టాలొస్తే పెరట్లోకి పోయి కట్టెలు కొట్టుకుంటూ ఉండేవాడు. కట్టెలు అక్కర్లేని ఎండాకాలంలో కూడా.

జట్టులో చేరాక కూడా సోమవారం పొద్దున్న వీధి చివరి బేకరీకి తనే వెళ్ళి రొట్టె తెచ్చేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను. ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగినవాళ్ళు అక్కడ నిలబడి ముందురోజు ఆట మీద తగువులాడుకుంటున్నారు.

"అసలు లైనే దండగ. ఆ లావు వెధవలకి తిండి తప్ప ఏం తెలుసు? పాపం బ్లెయిన్ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఆడాడు," అన్నాడొకాయన. అని, మావాడి వైపు తిరిగి, "ఏమంటావయ్యా కొండంత మనిషీ? నిన్ను దింపినా వాళ్ళకంటే నయమేమో!" అన్నాడు.

అందరూ నవ్వారు. మావాడూ నవ్వాడు. "నాకంత తెలీదండీ. రై రొట్టె ఉందా?" అని కొట్టువాణ్ణి అడిగాడు.

బయటికొచ్చాక నేను మండిపడ్డాను. "నేనేరా ఆ లావు వెధవనని చెప్పొచ్చుగా!"

"చెబితే పాపం ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటాడక్కా," అన్నాడు రొట్టె చంకలో పెట్టుకుంటూ.

డోరీన్ అనే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. మంచి పిల్ల, నవ్వుతూ తుళ్ళుతూ ఉండేది. ఆదివారం ఆట అయ్యాక లెస్ ఇంటికొచ్చి, మోకాళ్ళ మీదా మెడ మీదా ఐసు సంచులు పెట్టుకుని కుర్చీలో కూలబడేవాడు. బుధవారానికి గానీ మెడ తిరిగేది కాదు. ఆమె మాట్లాడుతూనే ఉండేది, వీడు వింటూనే ఉండేవాడు. "నేనొక బీరువాని పెళ్ళి చేసుకున్నాను వదినా. గట్టిది, నమ్మకమైనది. కానీ తలుపు తీస్తే లోపల ఏముందో ఇప్పటికీ చూడలేదు," అంది నాతో ఒకనాడు. ఆ చలికాలమే చంటిపాప పాట్రిస్‌ని తీసుకుని అరిజోనాలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. గొడవేమీ జరగలేదు. సామాను కారులోకి ఎక్కించింది కూడా లెస్సే. నేను వెళ్ళేసరికి వంటింట్లో నిలబడి పాప పాలసీసా కడుగుతున్నాడు. మర్చిపోయి వెళ్ళారట. పోస్టులో పంపుతానన్నాడు.

ఇక మా తమ్ముడితో అందరికంటే ఎక్కువ మాట్లాడిన మనిషి ఎవరంటే, శత్రువు. మెంఫిస్ జట్టులో గీతకి అవతల వీడికి సరిగ్గా ఎదురుగా ఆడే క్లియోఫస్ మేయిస్. మిసిసిపీ పత్తి చేల దగ్గర పుట్టిన నల్లజాతి మనిషి. లెస్ అంత ఒళ్ళూ, లెస్‌కి లేని నోరూ ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లు మెంఫిస్‌తో ఆట పడేది, ఇక్కడొకటి, అక్కడొకటి. ఆ రెండు ఆదివారాలూ క్లియోఫస్ మొదటి నుంచి చివరిదాకా వాగుతూనే ఉండేవాడట.

"ఒరే గాజు ఫ్యాక్టరీ! ఇవాళ నిన్ను పగలగొట్టి, ముక్కలు మీ కోచ్ చేత ఏరిస్తా చూడు."

"ఏంరా, ఉల్లిపాయల వాసనొస్తోంది? మీ అమ్మ కోడి కూర వండిందా? నాకో గిన్నె తేవాలని తెలీదురా, మర్యాద లేని మనిషీ?"

"మీ క్వార్టర్‌బ్యాక్ జుట్టుకేదో రాస్తాడు. ఏం నూనెరా అది? వాడి మీద పడ్డప్పుడల్లా నా చేతులు జిగటౌతున్నాయి."

లెస్ ఒక్కదానికీ బదులు చెప్పేవాడు కాదు. కానీ ఇంటికొచ్చి అమ్మ వంటింట్లో కూర్చుని అవన్నీ మాకు అప్పజెప్పేవాడు. గొంతు కూడా మార్చి. మా అమ్మ నవ్వలేక కళ్ళు తుడుచుకునేది. "ఆ పిల్లాడికి నిజంగానే ఒక గిన్నె పట్టుకెళ్ళరా," అనేది. వీడు అంతసేపు మాట్లాడేది ఏడాదిలో ఆ రెండు రోజులే.

అమ్మ ఒక నవంబరులో పోయింది. గురువారం పోయింది, శనివారం పూడ్చిపెట్టాం, ఆదివారం మెంఫిస్‌తో ఆట. లెస్ ఆడాడు. ఆడొద్దని ఎవరూ అనలేదు. కోచ్ భుజం మీద ఒక చెయ్యి వేసి తీసేశాడట, అంతే. వాన పడుతోంది. మొదటిసారి గీత దగ్గర వంగగానే క్లియోఫస్ మొదలుపెట్టబోయి ఆగాడు.

"ఏంరా, కళ్ళేంటి అట్లా ఉన్నాయి?"

"మా అమ్మ పోయింది," అన్నాడు లెస్. అన్నేళ్ళలో ఆయనకి వీడు చెప్పిన మొదటి మాట అదే.

బంతి కదిలింది. ఇద్దరూ ఢీకొన్నారు. ఆ తర్వాత ఆ ఆటంతా క్లియోఫస్ నోరు మెదపలేదు. కొట్టడం మాత్రం తగ్గించలేదు, ఎప్పటిలాగే కొట్టాడు. లెస్‌కి అదే నచ్చింది. ఆట అయ్యాక అందరూ చేతులు కలుపుకుంటుంటే ఆయన వచ్చి, బురద చేత్తో వీడి హెల్మెట్ వెనక పట్టుకుని, నుదురుకి నుదురు ఆనించి, "ఇంటికెళ్ళి ఏదైనా తిను," అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి నాకు ఒక్కదానికే చెప్పాడు. చెప్పి, "తిన్నానక్కా. ఆయన చెప్పాడని ఇంటికొచ్చి అన్నీ తిన్నాను," అన్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి క్లియోఫస్ ఆట మానేశాడు. మరుసటి ఏడు మెంఫిస్ వెళ్ళేసరికి గీతకి అవతల ఎవరో కొత్తవాడు, జింకలాగా చురుకైనవాడు. ఒక్క ముక్క మాట్లాడలేదట. "ఖాళీ ఇంటికెళ్ళి తలుపు కొట్టినట్టుందక్కా," అన్నాడు వచ్చి. ఇంకో రెండేళ్ళు ఈడ్చుకొచ్చాడు. ఆ మరుసటి వేసవి శిక్షణ శిబిరంలో ఒక పొద్దున్న ఎవరో అసిస్టెంటు గది తలుపు తట్టి, "కోచ్ పిలుస్తున్నాడు. నీ ప్లేబుక్ కూడా తెమ్మన్నాడు," అన్నాడు. జట్టు ఎత్తుగడలన్నీ ఉండే ఆ పుస్తకం తెమ్మన్నారంటే ఇక ఆట అయిపోయినట్టే, ఆ వృత్తిలో వాళ్ళందరికీ తెలుసు. లెస్ పక్క సర్ది, దుప్పటి మడతపెట్టి, పుస్తకం ఇచ్చేసి, మధ్యాహ్నానికి మా ఇంటి ముందు కారాపాడు. "భోజనం ఉందా?" అని అడిగాడు. ఏం జరిగిందో తిన్నాక చెప్పాడు.

బ్లెయిన్‌కి టీవీ వాళ్ళు పని ఇచ్చారు. మావాడికి గాజు సరుకు గోదాములో దొరికింది. అక్కడ పదేళ్ళు చేశాక మోకాళ్ళు పూర్తిగా పోయాయి. అప్పటికి మా ఆయన ఎమిల్ పోయి నేను ఒక్కదాన్నే ఉన్నాను. మెట్లెక్కలేడు గనక కింది వాటా వాడికిచ్చి నేను పైన ఉండేదాన్ని. పొద్దున్న వాడి రేడియో వినిపించేది, సాయంత్రం నా టీవీ వాడికి వినిపించేది. ఇద్దరం ఉన్నామనడానికి అదే గుర్తు. కూతురు పాట్రిస్ క్రిస్మస్‌కి కార్డు పంపేది. దాన్ని ఈస్టరు దాకా కిటికీలో నిలబెట్టేవాడు.

ఒకనాడు కాఫీ తాగుతూ, "క్లియోఫస్ ఏం చేస్తున్నాడో," అన్నాడు.

 నాకు తెలుసు వాడి సంగతి. ఆ మాట బయటికి రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో కూడా తెలుసు. మర్నాడు టెలిఫోన్ ఆపరేటర్ని అడిగి, మిసిసిపీలో ఆయన సొంతూరు క్లార్క్స్‌డేల్ దగ్గర మేయిస్‌లు ఎవరున్నారో కనుక్కుని, ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. చివరికి ఆయన భార్య ఎర్నెస్టీన్ దొరికింది.

"మా ఆయనతో ఆడినవాళ్ళా? అయితే పేరు చెప్పకండి, ఆయన్నే గుర్తుపట్టమందాం. శనివారం రండి. మా ఇంట్లో శనివారం ఎటూ ఊరంతా తింటుంది," అంది.

లెస్ కొత్త చొక్కా కొనుక్కున్నాడు. క్షవరం చేయించుకున్నాడు. అమ్మ చేసినట్టు వాల్‌నట్ పప్పు పెట్టి చుట్టిన రొట్టెలు నాచేత చేయించాడు. ఎక్కువసేపు కాలు మడిచి కూర్చోలేడు గనక నేనే నడిపాను. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఏం మాట్లాడాలో మననం చేసుకుంటున్నాడని నాకర్థమైంది.

ఆ ఇల్లు దూరం నుంచే వినిపించింది. పిల్లలు, కుక్కలు, వేపుడు మూకుట్లో చేపలు చిటపటలాడుతున్న చప్పుడు. వరండాలో చక్రాల కుర్చీలో కొండలాంటి మనిషి. షుగరు వల్ల ఒక పాదం తీసేశారు. లెస్ కర్ర ఊతంతో వాకిట్లోకి నడిచాడు.

"ఎవడ్రా అది, నా వాకిట్లోకి లారీలా వస్తున్నాడు?" అని కేకేశాడాయన.

లెస్ మెట్ల దగ్గర ఆగాడు. టోపీ తీశాడు. "నేను... మీ ఎదురుగా ఆడేవాణ్ణి," అన్నాడు.

"ఆగు, ఆగు! చెప్పకు! నోరు మూసుకో!" క్లియోఫస్ ముందుకు వంగి వీడి మొహంలోకి చూశాడు.  ఆయన తొడ మీద చరుచుకుని, "లుండీన్! విక్ లుండీన్! ఒమాహా జట్టు గార్డు! ఒరే పశువుల సంత ఊరివాడా, ఇంకా బతికే ఉన్నావురా?" అన్నాడు.

వరండాలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. "విక్ అంట! ఒమాహా నుంచంట!" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. ఎవరో కుర్చీ తెచ్చారు. లెస్ నోరు తెరిచాడు. అందరి మొహాలూ చూశాడు. క్లియోఫస్ రెండు చేతులూ చాచి ఉన్నాడు. లెస్ నోరు మూసి, వంగి ఆ చేతుల్లోకి వెళ్ళాడు.

భోజనమంతా వాడు విక్ లుండీన్‌గానే కూర్చున్నాడు. విక్ ఒమాహాలో మంచు మీద క్లియోఫస్‌ని ఎలా బోర్లా పడేశాడో, దానికి క్లియోఫస్ మరుసటి ఏడు ఎలా బదులు తీర్చుకున్నాడో, అన్నీ విన్నాడు. "అదే, అదే" అంటూ తలూపాడు. చేపల పళ్ళెం రెండుసార్లు నింపారు. ఆయన నవ్విస్తూనే ఉన్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. మా అమ్మ వంటింట్లో ఎన్నోసార్లు విన్న గొంతే. మావాడు దాన్ని ఎంత బాగా అనుకరించేవాడో అప్పుడు తెలిసింది.

భోజనాల చివర ఎర్నెస్టీన్, "ఈయన నోరు మూసుకున్న ఆట ఒక్కటైనా ఉందా, అడుగు నాయనా," అంది లెస్‌తో.

"ఉంది. ఒకటే ఒకటి," అన్నాడు క్లియోఫస్. గొంతు దిగింది. "టొలీడోలో. వాన. ఒక పిల్లాడుండేవాడు, గార్డు. నేనెంత వాగినా పలికేవాడు కాదు. గోడతో మాట్లాడినట్టుండేది. ఆ రోజు మొహం చూసి ఏంరా అన్నాను. మా అమ్మ పోయింది అన్నాడు. అంతే విక్, నా నాలుక పడిపోయింది. మా అమ్మని పూడ్చిన రోజు గుర్తొచ్చింది. ఏం చెప్పాలో తెలీక ఆటంతా నోరు మూసుకుని ఆడాను. అంత ఒంటరి మొహం నేను మళ్ళీ చూళ్ళేదు."

 లెస్ పళ్ళెంలోకి చూస్తున్నాడు.

"అతనేమయ్యాడు?" అన్నాడు తల ఎత్తకుండా.

"ఏమో. మంచి పిల్లాడు. నన్ను చంక కింద నుంచి ఎత్తేవాడు, దొంగ వెధవ. పేరు... నాలుక చివర్న ఉంది."

"నీ నాలుక చివర చాలామందే ఉన్నార్లే. వాళ్ళంతా కిందికి దిగాలంటే నిచ్చెన వెయ్యాలి," అంది ఎర్నెస్టీన్.

అందరూ నవ్వారు. నేను ఉండబట్టలేక నోరు తెరిచాను. బల్ల కింద లెస్ బూటు నా కాలి మీదికొచ్చి నొక్కింది. వాడి కాలు మామూలు కాలు కాదు. నేను నోరు మూసుకున్నాను.

కారెక్కాక మాత్రం వదల్లేదు. "ఎందుకురా చెప్పలేదు? అంత దూరం వచ్చి ఎవడి పేరు మీదో చేపలు తినిపోడానికా?"

"అంతమంది ముందు చెబితే ఆయన సిగ్గుపడేవాడు."

"నువ్వెప్పుడూ ఎదుటివాళ్ళ సిగ్గే చూస్తావు. నీ సంగతో?"

 పత్తి చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి.

"ఆయన నన్ను గుర్తుపెట్టుకున్నాడక్కా," అన్నాడు.

"నీ పేరే తెలీదురా ఆయనకి!"

"పేరు సంగతి నేననడం లేదు."



అప్పట్నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆట అవగానే లెస్ క్లియోఫస్‌కి ఫోన్ చేసేవాడు. మొదటిసారి నేను బట్టల బుట్ట పట్టుకుని మెట్లు దిగుతున్నాను. కింద నుంచి వాడి గొంతు వినిపించింది. "నేను విక్‌ని మాట్లాడుతున్నా." అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఇంత పెద్ద మనిషి, ఇన్నేళ్ళు ఆడినవాడు, ఒక స్నేహం కోసం సొంత పేరు గుమ్మం బయట వదిలేసి వెళ్ళవలసి వచ్చిందే అనుకున్నాను. కానీ కాసేపటికి వాడి నవ్వు వినిపించింది. ఆ ఇంట్లో నేనెప్పుడూ వినని నవ్వు. బుట్ట తీసుకుని వెనక్కి పైకి వెళ్ళిపోయాను.

ఇప్పటి లైన్లో కుర్రాళ్ళని ఇద్దరూ కలిసి తిట్టేవాళ్ళు. షుగరు మందుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. మాటల్లో ఒమాహా సంగతి వస్తే తప్పు దొర్లకూడదని లైబ్రరీకి వెళ్ళి ఆ ఊరి గురించి చదివొచ్చాడు కూడా. ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్ళీ మామూలైపోయేది. సోమవారం నుంచి శనివారం దాకా వాడు మాట్లాడేది నాతో నాలుగు మాటలు, పోస్టు తెచ్చేవాడితో రెండు. నిజం చెప్పెయ్యరా అని అడపాదడపా పోరేదాన్ని. "ఇంకెప్పుడు చెబుతానక్కా? ఆలస్యమైపోయింది. ఇన్నాళ్ళు మోసం చేశావా అంటాడు," అనేవాడు. ఆలస్యం ప్రతి ఏడూ ఇంకాస్త పెరుగుతూ పోయింది.

ఒక ఫిబ్రవరిలో ఎర్నెస్టీన్ ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. "విక్‌కి చెప్పమ్మా. మా ఆయన నిద్దట్లోనే వెళ్ళిపోయాడు," అంది.

మళ్ళీ నేనే నడిపాను. ఈసారి వాడి పెదాలు కదల్లేదు.

చర్చి నిండిపోయింది. మేం వెనక వరసలో కూర్చున్నాం. పాటలు, ఏడుపులు, మధ్యలో ఆయన జోకులు గుర్తుచేసుకుని నవ్వులు. శ్మశానం చర్చి వెనకే, కానీ వారం రోజులుగా వాన పడి దారంతా బురద. పెట్టె చాలా పెద్దది, మనిషీ అంతవాడే. మోస్తున్నవాళ్ళలో ఒక మేనల్లుడు దారి మధ్యలో జారి మోకాలి మీద పడ్డాడు. పెట్టె ఒక పక్కకి ఒరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. నేను చూసేసరికి నా పక్కన లెస్ లేడు. కర్ర బురదలో పడి ఉంది. వాడు ఆ మూల కింద భుజం పెట్టి ఉన్నాడు.

"వదలకండి, వదలకండి నాన్నా, ఈ మూల నేను పట్టుకున్నాను. మీరు ముందుకి చూసి నడవండి," అంటున్నాడు తక్కినవాళ్ళతో.

నడిచాడు. ఆ మోకాళ్ళతో ఎలా నడిచాడో నాకు తెలీదు, డాక్టరుకీ తెలియదు. నడుము వంచి, అడుగులు చిన్నవి చేసి, కాలు ఎత్తకుండా నేల మీదే జరుపుకుంటూ నడిచాడు. గోతి దాకా ఎక్కడా దించలేదు. దించాక నిటారుగా నిలబడలేకపోయాడు. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చి వంటింట్లో కూర్చోబెట్టారు. మొహం సున్నంలా తెల్లబడింది. ఎర్నెస్టీన్ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"తిను విక్. నువ్వు లేకపోతే ఇవాళ ఆయన్ని బురదలో పడేసేవాళ్ళం."

"అమ్మా, నేను విక్‌ని కాను," అన్నాడు లెస్.

వంటింట్లో ఉన్న ఆడవాళ్ళంతా చేతుల్లో పని ఆపేశారు.

"నా పేరు లెస్టర్ వార్గో. టొలీడో. ఆయన నన్ను చూసి ఇంకెవరో అనుకున్నాడు. నేను కాదనలేదు. తర్వాత చెప్పలేకపోయాను. క్షమించాలి."

ఎర్నెస్టీన్ ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి ఆ విక్ ఎవరు?"

"ఒమాహా గార్డు."

"బతికున్నాడా?"

"తెలీదమ్మా. నేనెప్పుడూ కలవలేదు."

 ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. రెండూనేమో. "ఆ మనిషి తీరే అంత! పెళ్ళయిన కొత్తలో నన్ను మా చెల్లెలి పేరుతో పిలిచేవాడు. నేనూ చాలాకాలం ఊరుకున్నాను," అంది. ఆ వంటిల్లంతా ఘొల్లుమంది. నవ్వు ఆగాక వీడి చెయ్యి పట్టుకుంది. "సరే లెస్టర్. గార్డంటే ఏంటో చెప్పు. ఈ ఇంట్లో ఎప్పుడూ ఆయన ఎవరి మీద పడ్డాడో విన్నానే గానీ, ఆయన్ని ఆపినవాళ్ళు ఏం చేసేవాళ్ళో ఒక్కళ్ళూ చెప్పలేదు."

లెస్ చెప్పాడు. కుర్చీలు ఇటు కొన్ని, అటు కొన్ని పెట్టించాడు. ఉప్పు డబ్బా బ్లెయిన్ అన్నాడు. లేవలేడు గనక కూర్చునే, చేతులతో చూపించాడు. అవతలివాడి బరువు మడమ మీద ఎక్కువ ఆని ఉంటే ఎటు వస్తాడో, చూపు ఎక్కడ పెట్టాలో, చంక కింద నుంచి ఎలా ఎత్తాలో. ఎర్నెస్టీన్ ప్రశ్నలు అడిగింది. ఆవిడ చెల్లెలు లేచి కుర్చీ పక్కన వంగి నిలబడి, "ఇట్లాగా?" అంది. "కాస్త కిందికి తల్లీ, ఇంకాస్త," అన్నాడు. నా తమ్ముడు ఒక్కసారిగా అంతసేపు మాట్లాడటం నేను జన్మలో వినలేదు. వానలో టొలీడో ఆట సంగతి మాత్రం చెప్పలేదు. నేనూ నోరు విప్పలేదు. ఈసారి వాడు నా కాలు తొక్కవలసిన పని లేకపోయింది.

తిరుగుదారిలో వెనక సీట్లో పడుకుని నిద్రపోయాడు. ఒహాయో నది వంతెన మీదికొచ్చాక లేచాడు.

"అక్కా, ఇక ఆదివారం ఎవరికి చెయ్యను?" అన్నాడు.

"నాకు చెయ్యి."

"నువ్వు పై వాటాలోనే ఉంటావు కదే."

"అయితే ఏం? చెయ్యి."

ఆ ఆదివారం నిజంగానే నా ఫోన్ మోగింది. ఎత్తాను. "నేను, లెస్‌ని," అన్నాడు. "చెప్పరా," అన్నాను. చెప్పడానికి ఏమీ దొరకలేదు. వాడి రేడియో ఫోన్లో ఒకసారి, నేల కింద నుంచి ఒకసారి వినిపిస్తోంది. చలి ఎక్కువగా ఉందా పైన అని అడిగాడు. ఫరవాలేదన్నాను. 

"కాఫీ పెట్టనా?" అన్నాడు చివరికి.

"పెట్టు, వస్తున్నా," అని ఫోన్ పెట్టేసి, శాలువా కప్పుకుని మెట్లు దిగాను.